మొదటి వాల్వు

నన్ను దొంగ అంటే నవ్వి ఊరుకుంటానేమో గానీ, నా చేతి మీదుగా పోయిన పెట్టెను దొంగపెట్టె అంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. పులివెందుల దగ్గర చీనీతోటలో నాగులమ్మక్క ఆ మాటే అంది. అదీ నేను బండికి స్టాండు వేయకముందే.

అసలు నేను పోయింది వాళ్ళ మరిది పెద్దన్న ఫోను చేస్తే. ప్రొద్దుటూరులో నాకో చిన్న షాపుంది. స్టార్టర్లు, మగ్గాల బోర్డులు, డ్రిప్పు కంట్రోలర్లు, ఏది మొండికేసినా నా దగ్గరికి తెస్తారు. పొద్దున్నే షట్టరు ఎత్తుతుంటే ఫోను మోగింది.

"ఫరూఖన్నా, మా వదిన సోమవారం తోట కొట్టిస్తాదంట. కొట్టేవాళ్ళతో మాట్లాడేసింది. నేల అమ్ముకొని మళ్ళా గొర్రెలు పట్టుకుంటాదంట. నువ్వొచ్చి ఆ పెట్టె సంగతేందో తేల్చకపోతే నా మొగం నేను చూసుకోలేను."

పేరుకు పెద్దన్న గానీ ఇంటికి అతనే చిన్నవాడు. అన్న బాలకృష్ణ, అంటే నాగులమ్మక్క భర్త, పోయి రెండేళ్ళవుతోంది. గుండెపోటు. వాళ్ళది వీరపునాయునిపల్లె వైపు గొర్రెలు కాసిన కుటుంబం. మంద అమ్మి ఇక్కడ నేల కొని చీనీ, అదే బత్తాయి, పెట్టుకున్నారు. బోరు ఒకటే, మోటరు ఒకటే. తోటకు నాలుగు వాల్వులు. బోరు పక్కన ఉన్న మొదటి రెండూ పెద్దన్న చెట్లకు, చివరి రెండూ నాగులమ్మక్క చెట్లకు. కరెంటు రాగానే డ్రిప్పు కంట్రోలరు పెట్టె మోటరును నడిపి, ఒకటో వాల్వు తెరిచి, టైము కాగానే మూసి, రెండోది తెరుస్తుంది. అలా నాలుగు దాకా పోవాలి. కొంతకాలంగా నాలుగో వాల్వు దాకా నీళ్ళు పోవడం లేదు. మూడోదానికి కూడా అరకొరే. తమ్ముడి చెట్లు పచ్చగా, అన్న చెట్లు ముడుచుకుపోయి ఉంటే, చూసేవాళ్ళు ఏమనుకుంటారు?

"పెట్టెకు తాళం ఏసినా," అంది నాగులమ్మక్క. "తాళంచెవి నా నడుములోనే ఉండాది. అయినా నీళ్ళు వాళ్ళ చెట్లకే పోతాండాయి. అంటే లోపలే ఏందో పెట్టినారు. ఎవురు పెడతారు? పెట్టె చేసినోళ్ళే పెట్టల్ల."

"నాకేమన్నా నీ మరిది బామ్మర్దా అక్కా, ఆయనకు నీళ్ళు దోచిపెట్టేదానికి?"

"దుడ్లకు ఎవురైనా బామ్మర్దే."

ఇంక మాట్లాడి లాభం లేదని తాళం తీయించి, మోటరు రూములో సిమెంటు సంచి పరుచుకుని పెట్టె ఎదురుగా కూర్చున్నాను. ఆమె గుమ్మంలో కూర్చుంది, కాపలాకు. పెద్దన్న మాత్రం లోపలికి రాలేదు. ఆ పెట్టెను వేలితో తాకినా ఆమె ఏమంటుందోనని వేపచెట్టు కిందే నిలబడ్డాడు.

ఆ పెట్టె చేసింది నేనూ, మా కామేశ్వరరావు సారూ. ప్రోగ్రాం ఆయనది, సోల్డరింగు నాది. సారు మాకు పాలిటెక్నిక్‌లో మైక్రోప్రాసెసరు చెప్పేవారు. రిటైరయ్యే ముందు ఆయనకొక కోరిక పుట్టింది. పాఠంలో చెప్పినది పొలంలో పనిచేయాలని. అలా జమ్మలమడుగులో ఆయన ఇంటి వరండాలో కూర్చుని పెట్టెలు చేశాం. సారు భార్య ఇందిర మేడం ఉగ్గాని, బజ్జీ పెట్టేవారు. బోర్డు మీద నూనె చేతులు పెడితే సారు నా నెత్తి మీద స్కేలుతో ఒకటి వేసేవారు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సోల్డరింగు పొగతో పాటు మిరపకాయ బజ్జీ వాసన వస్తుంది.

ఇంటరప్టు అంటే ఏమిటో ఆయన చెప్పిన తీరు నేను చచ్చేదాకా మరిచిపోను. క్లాసులో ఒక్కడికీ అర్థం కావడం లేదు. చాక్‌పీసు పక్కన పెట్టి, కుడిచేయి పైకెత్తి, బొటనవేలు వేళ్ళ కణుపుల మీద నడిపించారు.

"మా నాయన జపం ఇట్లా లెక్క పెట్టుకునేవాడురా. మధ్యలో ఎవరో వచ్చి తలుపు కొడితే, బొటనవేలు ఏ కణుపు మీద ఉందో అక్కడే ఉంచి, రెండు ముక్కలు మాట్లాడి పంపేవాడు. మళ్ళీ ఆ కణుపు నుంచే జపం. తలుపు కొట్టడమే ఇంటరప్టు. బొటనవేలు తీశావా, జపం పోయినట్టే."

"మా నానా తస్బీ కూడా అంతే సార్," అన్నాను నేను వెనక బెంచీలోంచి, మా అమ్మ నాన్న జపమాల గుర్తొచ్చి. "పూస వదలడు." సారుకు ఎంత సంతోషమైందంటే, ఆ తర్వాత ప్రతి బ్యాచికీ జపంతో పాటు మా నానా తస్బీ కూడా చెప్పారట. ఆ రోజు నుంచి మాకు అదొక ఆట. పాఠం మధ్యలో కావాలని లేచి ఏదో ఒకటి అడిగేవాళ్ళం. ఆయన బొటనవేలు కణుపు మీద పెట్టుకుని జవాబు చెప్పి, సరిగ్గా ఆగిన సగం మాట దగ్గర నుంచి అందుకునేవారు. ఎన్నిసార్లు అడిగినా ఒక్కసారి కూడా మాకు చిక్కలేదు. ఇప్పటి పిల్లలు ఫోనులో వీడియో ఆపి మళ్ళీ నొక్కుతారు. వాళ్ళకు ఆ ఆట ఏం తెలుస్తుంది.

సరే, పెట్టె సంగతి. ఒకటో వాల్వు బాగానే తెరుచుకుంది, రెండోదీ బాగానే. మూడోది తెరుచుకుని నాగులమ్మక్క చెట్లకు నీళ్ళు పారుతుండగా పక్క చేనులో ఎవరో మోటరు వేశారు. రూములో బల్బు ఒక్కసారి కళ్ళు మూసి తెరిచినట్టయింది. పెట్టెలో ఎర్ర లైటు మిణుకుమంది. టక్ అని మూడో వాల్వు మూసుకుని ఒకటోది తెరుచుకుంది.

"చూసినావా," అంది ఆమె. "మళ్ళా వాళ్ళ కాడికే పాయ."

నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. జబ్బు కళ్ళముందే కనపడితే ఏ మెకానిక్కుకైనా పండగే. కరెంటు పోతోందని తెలియజెప్పడానికి ఆ పెట్టెలో ఒక తీగ ఉంది. తలుపు కొట్టే తీగ అనుకోండి. కరెంటు నిజంగా పోయేటప్పుడే అది కొట్టాలి. ఇప్పుడు చుట్టుపక్కల కొత్త బోర్లు ఎక్కువయ్యాయి. ఎవరు మోటరు వేసినా ఒక క్షణం ఓల్టేజి కుంగుతుంది. అలాంటి కుదుపులు మింగడానికి ఒక కెపాసిటరు పెట్టి ఉంటాం. విప్పి చూస్తే దాని నెత్తి ఉబ్బి, లోపల ఎండిపోయి ఉంది. అందుకే పక్కవాడు మోటరు వేసినప్పుడల్లా కరెంటు పోయిందనుకుని పెట్టె బెదిరిపోతోంది. ఆ మాటే ఆమెకు చెప్పి, సంచిలో ఉన్న కొత్త కెపాసిటరు వేశాను. పక్క చేను మోటరును రెండుసార్లు ఆపి వేయించాం. పెట్టె ఉలకలేదు, పలకలేదు.

మళ్ళీ ఒకటీ రెండూ దాటి మూడో వాల్వు తెరుచుకున్నాక గర్వంగా సామాను సర్దుకుంటున్నాను. అప్పుడు నిజంగానే కరెంటు పోయింది. కాసేపటికి వచ్చింది. పెట్టె నెమ్మదిగా లేచి, మూడో వాల్వును వదిలేసి, ఒకటో వాల్వు తెరిచింది.

నాగులమ్మక్క లేచి తాళం చేతిలోకి తీసుకుంది. తిట్టుంటే బాగుండేది.

కెపాసిటరు పాడయితే తలుపు ఊరికే కొడుతుంది, అంతవరకే. తలుపు కొట్టినవాణ్ణి పంపించాక జపం మొదటి నుంచి ఎందుకు మొదలవుతోంది? కరెంటు రోజూ నాలుగైదు సార్లు పోయి వచ్చే ఊళ్ళో, ప్రతిసారీ ఒకటి నుంచే మొదలుపెడితే నాలుగో వాల్వుకు ఎప్పుడు వంతు వస్తుంది? ఇది వస్తువు తప్పు కాదు, రాత తప్పు. రాత సారుది.

ప్రొద్దుటూరు వచ్చేసరికి నా కోపం ఎర్రగుంట్ల సిమెంటు లారీల మీదికి మళ్ళింది గానీ, షాపులో పాత కంప్యూటరు ముందు కూర్చోగానే మళ్ళీ సారు మీదికే వచ్చింది. ప్రోగ్రాం తెరిచాను. కరెంటు పోయినప్పుడు పనిచేసే ముక్క చూశాను. ఫస్టియరు పిల్లవాడు కూడా చేయని పని అందులో ఉంది. తిరిగి వెళ్ళాల్సిన చోటుకు వెళ్ళకుండా ప్రోగ్రాం మొదటికి పోతోంది. నా నెత్తి మీద అన్ని స్కేలు దెబ్బలు వేసిన మనిషి, తన బొటనవేలు తీసేశాడన్నమాట.

టీ తెప్పించుకుని మళ్ళీ చదివాను. అప్పుడు కోపం కాస్తా అయోమయమైంది. మరిచిపోయినవాడు అలా రాయడు. పని ఆగిన చోటు గుర్తు పద్ధతిగా దాచిపెట్టి ఉంది. ఆ తర్వాత మూడు లైన్లు ప్రత్యేకంగా రాసి, ఆ గుర్తును చెరిపి, దాని స్థానంలో మొదటి వాల్వు గుర్తు పెట్టారు. కావాలని, కష్టపడి, శుభ్రంగా చేసిన తప్పు అది. ప్రతి లైనుకూ పక్కన వివరం రాసే మనిషి ఆ మూడు లైన్ల పక్కన మాత్రం ఒక్క అక్షరం రాయలేదు.

మార్చేయడం నాకు పెద్ద పని కాదు. అర్ధగంట చాలు. కానీ సారు రాసినది ఎందుకు రాశారో తెలియకుండా చెరపడానికి చేయి రాలేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. తప్పు పెట్టెదని చెబితే నాగులమ్మక్క నమ్మదు. ఎవరో పనిగట్టుకుని రాశారని ఆమె అంటూనే ఉంది. చూడబోతే ఆమె మాటే నిజం. మరి ఎవరి కోసం రాశారు? పెద్దన్న సారుకేమైనా చెప్పుకున్నాడా? ఆ అనుమానం నా బుర్రలో కూడా దూరింది, సిగ్గులేకుండా.

మర్నాడు జమ్మలమడుగు పోయాను. సారు వరండాలోనే ఉన్నారు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. కళ్ళద్దాలు మాత్రం అవే, తాడు కట్టినవి. మేము బోర్డులు చేసిన బల్ల మీద ఇప్పుడు మేడం వడియాలు ఎండబెట్టుకుంటున్నారు. ఆ బల్ల అంచున నా సోల్డరింగు కాల్చిన మచ్చలు అలాగే ఉన్నాయి. వాటిని చూస్తే పట్టుకొచ్చిన కోపం సగం కారిపోయింది.

"సార్, మీరే మాకు బొటనవేలు తీయొద్దని చెప్పినారు. మీరెందుకు తీసినారు సార్?" అని మొత్తం చెప్పాను.

ఆయన విని, కళ్ళద్దాలు తీసి, పంచె అంచుతో తుడుచుకున్నారు.

"బాలకృష్ణ పెట్టె గదూ," అన్నారు. "నేను మామూలుగానే రాశాను ఫరూఖ్. పెట్టె బిగించే ముందు రోజు ఆ అబ్బాయి బస్సు ఎక్కి ఇక్కడికొచ్చాడు. ఇదిగో, నువ్వు కూర్చున్న చోటే కూర్చున్నాడు. కరెంటు పోయి వస్తే ఏమైతాది సార్ అని అడిగాడు. ఆగిన చోటి నుంచే మొదలవుతుందయ్యా అన్నాను. అట్ల వద్దు అన్నాడు."

"ఎందుకొద్దంట?"

"వాళ్ళ గొర్రెల లెక్క చెప్పాడు. మంద తొట్టికాడ నీళ్ళు తాగేటప్పుడు కుక్కొచ్చో లారీ వచ్చో చెదిరిపోతే, ఏది తాగినాదో ఏది తాగలేదో ఎవనికి తెలుస్తాది సార్? మళ్ళా కూడగట్టి మొదట పిల్లలను ఇడుస్తాం. పెద్ద గొర్రెలు ఓర్చుకుంటాయి, పిల్లలు ఓర్చుకోలేవు. నా చెట్లు నాలుగేండ్లవి. నా తమ్ముడు మొన్ననే అంట్లు నాటినాడు. కరెంటు పోయిందంటే మంద చెదిరినట్లే. మళ్ళా వాని పిల్లలనుంచే మొదలు పెట్టు, అన్నాడు."

వడియాల మీద వాలిన కాకిని మేడం లోపలి నుంచే అదిలించారు.

"ఇది పద్ధతి కాదయ్యా అని గంటసేపు చెప్పాను. వింటేనా. సరే, ఆ మూడు లైన్లు రాశాను. పక్కన ఏమని రాయమంటావు? మా నాయన చదివితే ఏమనుకుంటాడోనని ఊరుకున్నాను." సారు నవ్వారు. "అంట్లు ఎదిగినాక చెప్పు, మారుస్తా అని కూడా అన్నాను. రెండు మూడేళ్ళ తర్వాత ముద్దనూరు బస్టాండులో కనపడ్డాడు. మార్చమంటావా అని అడిగితే, ఇంగా చిన్నవే సార్ అన్నాడు. అతని సంచిలో తమ్ముడి తోట చీనీకాయలున్నాయి. నాకు రెండు ఇచ్చాడు కూడా."

బాలకృష్ణ పోయాడని సారుకు అప్పుడే నా నోట తెలిసింది. నేను లేచేటప్పుడు, "మార్చెయ్ ఫరూఖ్. కానీ చెప్పి మార్చు," అన్నారు.

కొత్త ప్రోగ్రాం ఆ సాయంత్రమే రాసేశాను. చిప్పులో కరెంటు పోయినా చెరగని చోటు కొంచెం ఉంటుంది. ఏ వాల్వు దగ్గర ఎంతసేపు పారిందో అక్కడ దాచేలా చేశాను. కరెంటు వచ్చాక అక్కడి నుంచే మొదలవుతుంది. మా నానా పూస వదలనట్టు.

ఆదివారం పొద్దున పులివెందుల చేరాను. తెల్లారితే చెట్లు కొట్టేవాళ్ళు వస్తారు. పెద్దన్నను బలవంతాన మోటరు రూములోకి లాక్కొచ్చి, వదినకు ఎదురుగా నిలబెట్టాను. సారు చెప్పింది చెప్పినట్టు, ఒక్క ముక్క కూడా మింగకుండా చెప్పాను.

పెద్దన్న గోడవైపు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నాకు ఒగ మాటన్నా చెప్పల్యా," అన్నాడు.

నాగులమ్మక్క మమ్మల్ని చూడలేదు. పెట్టెనే చూస్తోంది. "ఆయన సంగటి ముందర కూర్చున్నోడు కూర్చున్నట్లే లేచి ఈడికి వస్తాండె," అంది. "కరెంటు పోకముందే ఒగసారి చూసొస్తా అంటాండె. ఏముండాది ఆడ, తిని పోరాదా అని నేను రోజూ తిట్టేదాన్ని. మా చెట్లకు చేత్తో లీవరు తిప్పుకోను వస్తాన్యాడేమో."

అదే అయ్యుంటుంది. పెట్టెతో పని లేకుండా వాల్వును చేత్తో తెరిచే లీవరు ఒకటి ఉంటుంది. ఆయన ఉన్నన్నాళ్ళు మిగిలిన నీళ్ళు తన చెట్లకు దానితోనే తిప్పుకున్నాడు. ఆయన పోయాక ఆ లీవరు ముట్టినవాళ్ళు లేరు. పెట్టె మాత్రం ఆయన చెప్పిన మాట చెప్పినట్టు వింటూ వచ్చింది.

"పెద్దన్నా," అంది ఆమె. రెండేళ్ళుగా అతన్ని పేరు పెట్టి పిలవలేదట. "ఆ చెట్లు కొట్టేవాన్ని రావద్దని చెప్పు. నిన్ను నేను అనరాని మాటలు శానా అంటి."

"ఇడిసిపెట్టు వదినా. నువ్వు కాకపోతే ఎవురంటారు నన్ను."

నాకు అక్కడ నిలబడటం కష్టమై, పని చేసుకుందామని లాప్‌టాప్ తెరిచి పెట్టెకు తీగ తగిలించాను.

"ఏం చేస్తాండావు?" అంది ఆమె.

"ప్రోగ్రాం మారుస్తాండా అక్కా. ఇంగ యాడ ఆగితే ఆన్నించే పారతాది. నీ చెట్లకు కూడా సరిగ్గా అందుతాది."

"అయితే ఆయన చెప్పింది పోతాదా?"

అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు. "పోతాది," అన్నాను.

ఆమె పెట్టె మూత మీద చేయి వేసింది. "రేపు మార్చప్పా. ఈ పొద్దుకు ఆయన చెప్పినట్లే పారనీ."

"చెట్లు ఎండుతాండాయి గదా అక్కా."

"ఒగ దినం ఓర్చుకుంటాయిలే," అంది నాగులమ్మక్క. "పెద్దవి గదా."

నేను తీగ పీకి లాప్‌టాప్ మూసేశాను. ముగ్గురం అక్కడే కూర్చున్నాం. మూడో వాల్వులో నీళ్ళు పారుతున్నాయి. ఎండిన చెట్ల మొదళ్ళలో డ్రిప్పు చుక్కలు పడుతున్నాయి. కొంతసేపటికి కరెంటు పోయింది. ఎవరూ లేవలేదు. మళ్ళీ వచ్చింది. మోటరు అందుకుంది. టక్ అని ఒకటో వాల్వు తెరుచుకుంది.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరిది వైపు తిరిగింది.

"చూడు పెద్దన్నా," అంది. "మళ్ళా నీ చెట్లకాడికే పోయినాడు."